రక్తపు చుక్కలో నానో తీగ

షుగర్ ఉన్నవాళ్లకు వేలి మీద చిన్న పోటు, స్ట్రిప్ మీద రక్తపు చుక్క, కొన్ని సెకన్లలో తెర మీద అంకె రోజువారీ వ్యవహారం. ఆ చుక్కలోనే గుండె కండరం దెబ్బతిన్నదని చెప్పే ప్రోటీన్లు ఉంటాయి, క్యాన్సర్ సూచికలు ఉంటాయి, ఇన్ఫెక్షన్ ఆనవాళ్లూ ఉంటాయి. వాటిని కూడా అంతే వేగంగా, అంతే తేలిగ్గా చదవలేమా అన్నది ఎవరికైనా వచ్చే సందేహమే. నానో ఎలక్ట్రానిక్స్ పరిశోధకులు 2001 నుంచి చదవగలమనే అంటున్నారు. ఊరికే అనడం లేదు, ల్యాబ్‌లో చేసి చూపించారు. అయినా గుండెపోటు అనుమానంతో ఆస్పత్రికి వెళ్తే రక్తం ఇప్పటికీ పెద్ద యంత్రాల దగ్గరికే పోతోంది. వాళ్లు సెన్సర్లుగా వాడిన అతి సన్నని నానో తీగలు అక్కడిదాకా రాలేదు. సెన్సర్లకు సున్నితత్వం చాలక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. సున్నితత్వం చాలా పరీక్షల అవసరాన్ని ఎప్పుడో దాటిపోయింది. అడ్డం పడుతున్నవి అంత ఆకర్షణీయం కాని విషయాలు: ఉప్పు, దూరం, గుంపు.

ముందు లెక్క చూద్దాం. పరగడుపున డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల గ్లూకోజ్ ఉన్న రక్తంలోంచి ఒక్క మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు తీసుకుంటే, అందులో దాదాపు 33 కోట్ల కోట్ల గ్లూకోజ్ అణువులు ఉంటాయి. గుండెపోటును పట్టుకోవడానికి చూసే ప్రోటీన్లలో ఒకటి ట్రోపోనిన్ టి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో 99 శాతం మందికి ఇది లీటరుకు 14 నానోగ్రాముల లోపే ఉంటుంది కాబట్టి ఆ అంకెనే హద్దుగా తీసుకుంటారు. ఆ హద్దు దగ్గర అదే మైక్రోలీటరు రక్తంలో ఉండే ట్రోపోనిన్ అణువులు రెండు లక్షల చిల్లర. తేడా వెయ్యి కోట్ల రెట్ల పైమాటే. గ్లూకోమీటర్ చేసిన పనే ట్రోపోనిన్ మీటర్ ఎందుకు చేయదు అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

మిగతా సగం రసాయన శాస్త్రంలో ఉంది. 1962లో లెలండ్ క్లార్క్ తన సహచరుడితో కలిసి గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను ఎలక్ట్రోడ్ మీద నిలబెట్టి చక్కెరను కొలిచే ఆలోచన ప్రకటించాడు. ఇప్పటి స్ట్రిప్‌ల వంశవృక్షం అక్కడ మొదలవుతుంది. ఎంజైమ్ ఒక గ్లూకోజ్ అణువును మార్చి వదిలేసి, వెంటనే ఇంకొకదాన్ని పట్టుకుంటుంది. సెకనుకు వందల సార్లు ఇలా జరుగుతుంది, ప్రతిసారీ ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి, అవన్నీ కలిసి కొలవగలిగినంత కరెంటు అవుతుంది. అంటే సిగ్నల్‌ను పెంచే పని ఎంజైమే చేసిపెడుతోంది. ట్రోపోనిన్‌ను ఇలా మార్చి ఎలక్ట్రాన్లు రాల్చే ఎంజైమ్ అందుబాటులో లేదు. దాన్ని గుర్తుపట్టేది యాంటీబాడీ. యాంటీబాడీ పట్టుకుంటుంది, అంతే. పట్టుకున్నట్టు చెప్పదు. అందుకే 1971లో వచ్చిన ఎలైసా పద్ధతిలో రెండో యాంటీబాడీకి ఎంజైమ్ తగిలించి, రంగు మార్పును చూడాల్సి వచ్చింది. అంటించడం, కడగడం, మళ్లీ అంటించడం, మళ్లీ కడగడం. ల్యాబ్ యంత్రాలు అంత పెద్దవిగా ఉండడానికి ఈ కడుగుడే చాలావరకు కారణం.

నానో ఎలక్ట్రానిక్స్ ఇచ్చిన మాట ఏమిటంటే, రెండో యాంటీబాడీ వద్దు, రంగు వద్దు, ప్రోటీన్ మీద సహజంగా ఉండే విద్యుదావేశాన్నే నేరుగా చదువుతాం అని.

ఇది ఎలా కుదురుతుందో తెలియాలంటే ట్రాన్సిస్టర్ లోపలికి ఒకసారి తొంగిచూడాలి. అందులో కరెంటు ఒక సన్నని దారిలో పోతుంది. దారి పక్కన గేటు అనే లోహపు పలక ఉంటుంది. గేటు మీద వోల్టేజీ మారితే దారిలో కరెంటు పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 1970లో నెదర్లాండ్స్‌కు చెందిన పీట్ బెర్గ్‌వెల్డ్ ఆ లోహపు పలకను తీసేసి, ఆ చోటును ద్రావణానికి వదిలేశాడు. ద్రావణంలోని అయాన్లే గేటు పని చేశాయి. ఆయన కొలవాలనుకున్నది నాడుల్లో జరిగే మార్పులను. తర్వాత అదే పరికరం గాజు లేని పీహెచ్ మీటర్‌గా స్థిరపడింది. ఒక పని కోసం పుట్టి ఇంకో పనికి పేరు తెచ్చుకోవడం ఈ రంగంలో తరచూ జరిగేదే. దీని సంగతి మళ్లీ వస్తుంది.

బెర్గ్‌వెల్డ్ ట్రాన్సిస్టర్‌లో దారి వెడల్పు ఎక్కువ. పై అంచున నాలుగు ప్రోటీన్లు వచ్చి వాలితే లోపలి కరెంటుకు ఆ సంగతి పట్టదు. పెద్ద కాలువలో చిన్న రాయి వేస్తే నీటికి లెక్క లేదు, అదే రాయి మడిలోకి పోయే బోదెలో వేస్తే పారకం మారిపోతుంది. 2001లో హార్వర్డ్‌లో చార్లెస్ లీబర్ బృందం ఆ కాలువను బోదెగా మార్చింది. అడ్డకోత కొన్ని పదుల నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షో వంతు ఒక నానోమీటరు) మాత్రమే ఉన్న సిలికాన్ తీగను ట్రాన్సిస్టర్ దారిగా పెట్టి, దాని ఒంటికి అణువులను పట్టే రసాయనాలు పూసింది. తీగలో ఉపరితలమే ఎక్కువ, లోపలి భాగం తక్కువ. ఉపరితలం మీద ఏది వాలినా తీగ మొత్తానికీ తెలుస్తుంది. 2004లో అదే బృందం ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు ఒక్కొక్కటిగా తీగ మీద వాలడం, వదలిపోవడం కరెంటు మెట్లుగా చూపించింది. 2005లో పలు క్యాన్సర్ సూచికలను ఒకే చిప్ మీద ఫెమ్టోమోలార్ స్థాయిలో పట్టింది. ఫెమ్టోమోలార్ అంటే మైక్రోలీటరుకు 600 అణువులు. కార్బన్ నానోట్యూబులు (కార్బన్ పరమాణువుల సన్నని గొట్టాలు), గ్రాఫీన్ (ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర) కూడా ఇదే బాట పట్టాయి. 2020లో కొవిడ్ వైరస్‌ను గ్రాఫీన్ ట్రాన్సిస్టర్‌తో గుర్తించినట్టు కొరియా పరిశోధకులు ప్రకటించారు.

వీటిలో ఏదీ అబద్ధం కాదు. చూడాల్సింది ఆ కొలతలు ఏ నీటిలో జరిగాయన్నది.

ఉప్పు వేసిన తెర

రక్తం ఉప్పునీరు. లీటరుకు దాదాపు 150 మిల్లీమోల్‌ల లవణాలు అందులో ఉంటాయి. ఉప్పునీటిలో ఆవేశం ఉన్న వస్తువు ఏదైనా పెడితే, వ్యతిరేక ఆవేశం ఉన్న అయాన్లు క్షణంలో దాని చుట్టూ మూగుతాయి. బయటినుంచి చూసేవాళ్లకు ఆ వస్తువు మీద ఆవేశం ఉన్నట్టే కనిపించదు. ఇలా మూగిన అయాన్ల తెర మందాన్ని డిబై దూరం అంటారు. రక్తంలో ఇది ఒక నానోమీటరు కూడా ఉండదు, 0.8 దగ్గర ఆగిపోతుంది.

ఇప్పుడు యాంటీబాడీని గుర్తు చేసుకోవాలి. దాని పొడవు సుమారు 10 నానోమీటర్లు. తీగ మీద యాంటీబాడీని నిలబెట్టి, దాని కొసన ట్రోపోనిన్ వచ్చి పట్టుబడిందనుకుందాం. తీగకు 0.8 నానోమీటర్ల వరకే చూపు ఆనుతుంది. పట్టుబడ్డ ప్రోటీన్ అంతకు పది రెట్ల దూరంలో వేలాడుతోంది. చూరు కింద నిలబడినవాడికి పైకప్పు మీద పిట్ట వాలినట్టు ఎలా తెలుస్తుంది?

దీనికి ల్యాబ్‌లో అందరూ వాడిన చిట్కా ఒక్కటే, ఉప్పు తగ్గించడం. వందో వంతుకు తగ్గిస్తే డిబై దూరం పది రెట్లై దాదాపు 8 నానోమీటర్లకు చేరుతుంది, సెన్సర్‌కు చూపొస్తుంది. మొదటి పదేళ్ల రికార్డుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇలా పలచబరిచిన ద్రావణం, లేదా లవణం తీసేసిన సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం. అందుకే ఈ రంగంలో కొత్త ఫలితం వచ్చిందంటే ఫెమ్టోమోలార్, అందులో వెయ్యో వంతైన అట్టోమోలార్ అన్న అంకెలకు ముందు ద్రావణంలో ఉప్పెంతో వెతకాలి. అది రాయకపోతే మిగతాది చదవడం అనవసరమని చెప్పినా తప్పు లేదు. రక్తాన్ని వంద రెట్లు పలచబరిస్తే వెతుకుతున్న అణువులు కూడా వంద రెట్లు తగ్గుతాయి. ఉప్పు తగ్గితే యాంటీబాడీ పట్టు కూడా మునుపటిలా ఉండదు. పైగా కొలిచి కలపడానికి పంపులు, గొట్టాలు కావాలి. అలా చేస్తే వదిలించుకోవాలనుకున్న పెద్ద యంత్రమే దొడ్డిదారిన మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

దీన్ని దాటే ప్రయత్నాల్లో రెండింటి గురించి కాస్త ఎక్కువ చెప్పుకోవాలి. యేల్ విశ్వవిద్యాలయ బృందం 2010లో చేసిన పని మొదటిది. వాళ్లు సెన్సర్‌ను రక్తంలో ముంచలేదు. చిప్‌లోనే ముందు ఒక గది పెట్టి, రక్తంలోని సూచికలను అక్కడ యాంటీబాడీలతో పట్టి, మిగతా రక్తాన్ని కడిగేసి, తర్వాత కాంతితో ఆ బంధాన్ని తెంచి, శుభ్రమైన పలుచటి ద్రావణంలో సెన్సర్ దగ్గరికి పంపారు. మొత్తం పని 20 నిమిషాల్లో అయింది. తెలివైన పరిష్కారమే, కానీ కడుగుడు తప్పలేదు.

రెండోది 2018 నాటిది. అందులో యాంటీబాడీ బదులు ఆప్టమర్ వాడారు. ఆప్టమర్ అంటే ఒక నిర్దిష్ట అణువును పట్టుకునేలా ఎంపిక చేసిన చిన్న డీఎన్ఏ పోగు. డీఎన్ఏ ఒంటినిండా ఋణావేశం. లక్ష్యం దొరకగానే పోగు ముడుచుకుంటుంది లేదా నిటారుగా లేస్తుంది. అంటే సెన్సర్‌కు అతి దగ్గరలో ఉన్న ఆవేశమే కదులుతుంది. వచ్చిన అణువుకు ఆవేశం ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. ఇలా శరీరంలో ఉండేంత ఉప్పులోనే సెరటోనిన్, డోపమైన్‌లతో పాటు, ఆవేశమే లేని గ్లూకోజ్‌ను కూడా ట్రాన్సిస్టర్‌తో పట్టగలిగారు. అతిథిని చూడలేకపోతే తలుపు కదలికను చూడాలన్న ఆలోచన ఇది. ఈ మొత్తం కథలో అసలైన మలుపు ఇదేనని చెప్పవచ్చు.

అణువు నడిచి రావాలి

సెన్సర్ ఎంత చురుకైనదైనా అణువు దాని మీదికి వచ్చి తగలాలి కదా. నిలకడగా ఉన్న ద్రవంలో అణువులు అటూ ఇటూ తడబడుతూ వ్యాపిస్తాయి. ఒక సాధారణ ప్రోటీన్‌కు పది మైక్రాన్ల దూరం సెకను పని. ఒక మిల్లీమీటరు దూరమైతే గంటకు పైగా పడుతుంది, ఎందుకంటే దూరం వంద రెట్లయితే సమయం పదివేల రెట్లవుతుంది. ఇక్కడ చిన్నదనమే శాపమవుతుంది. తీగ ఎంత సన్నగా ఉంటే దానికి తగిలే అణువులు అంత తక్కువ. 2005లో షీహన్, విట్మన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఈ లెక్క వేసి చూపించారు. ద్రవాన్ని తోసే ఏర్పాటు ఏదీ లేకపోతే, నానో సెన్సర్ నిమిషాల్లో పట్టగలిగేది పికోమోలార్ (ఫెమ్టోమోలార్‌కు వెయ్యి రెట్లు) స్థాయినే, ఫెమ్టోమోలార్ కావాలంటే గంటలు, రోజులు కాచుకోవాలి. గుండెనొప్పితో వచ్చిన మనిషి దగ్గర అంత సమయం ఉండదు.

ఇంకో చిక్కు ఉంది, దాన్ని ఏ సెన్సర్ కూడా తప్పించుకోలేదు. రక్తంలో బ్యాక్టీరియా చేరిన పెద్దవాళ్లలో మిల్లీలీటరుకు పది కూడా ఉండకపోవడం మామూలే, చాలాసార్లు ఒకటో రెండో. వేలి నుంచి తీసే చుక్క 20 మైక్రోలీటర్లనుకుంటే, మిల్లీలీటరుకు ఒకటి చొప్పున ఉన్నప్పుడు 50 చుక్కల్లో ఒక్క చుక్కలోనే బ్యాక్టీరియా దొరుకుతుంది. మిగతా 49 చుక్కలను ప్రపంచంలోని అత్యుత్తమ సెన్సర్ మీద వేసినా ఏమీ లేదనే చెబుతుంది, అది నిజం కూడా. రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్షకు ఒకేసారి 20 మిల్లీలీటర్ల దాకా రక్తం తీసేది అందుకే. ఒక్క చుక్కతో అన్ని పరీక్షలూ చేసేస్తామనే ప్రకటన కనిపిస్తే, ఏ జబ్బుకు, ఎంత చుక్క అని అడిగితే చాలు.

ఇక గుంపు సంగతి. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ లీటరుకు సుమారు 40 గ్రాములు. ట్రోపోనిన్ హద్దు 14 నానోగ్రాములు. బరువులో తేడా దాదాపు 300 కోట్ల రెట్లు. తీగ మీద ఖాళీ జాగా ఎక్కడ కనిపించినా ఆల్బుమిన్ వచ్చి అంటుకుంటుంది, నిమిషాల్లో పొర కడుతుంది. ఆ పొర కూడా ఆవేశమే, సెన్సర్‌కు అది కూడా సిగ్నలే. ఫలానాది వచ్చి వాలిందని తీగ చెప్పదు, ఏదో వాలిందని మాత్రమే చెబుతుంది. కాబట్టి సెన్సర్ సున్నితత్వాన్ని పెంచిన కొద్దీ ఈ రొద కూడా పెరుగుతుంది.

వీటికి తోడు ట్రాన్సిస్టర్‌ది సొంత బాధ ఒకటి. 1960ల్లో సిలికాన్ ట్రాన్సిస్టర్ల రీడింగులు నిలకడగా ఉండకపోవడానికి ఆక్సైడ్ పొరలో దూరిన సోడియం కారణమని తేలింది. అప్పటి నుంచి చిప్ ఫ్యాక్టరీలకు సోడియం అంటే హడల్. అలాంటి వస్తువును తీసుకెళ్లి సోడియం నిండిన రక్తంలో ముంచుతున్నారు. రీడింగ్ నెమ్మదిగా జారిపోతూ ఉంటుంది. ఆ జారుడు ఎంతో, అసలు సిగ్నల్ ఎంతో విడదీయడం మామూలు టెన్షన్ కాదు. ద్రవానికి స్థిరమైన వోల్టేజీ ఇచ్చే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ కూడా కావాలి. తీగను వెయ్యి రెట్లు చిన్నది చేయడం వచ్చినంత తేలిగ్గా ఆ ఎలక్ట్రోడ్‌ను చిన్నది చేయడం రాలేదు. సెన్సర్ గోరంత, దాని పక్కన నిలబెట్టాల్సినది కొండంత. కార్బన్ నానోట్యూబులైతే తయారీలోనే లోహం లాంటివీ, అర్ధవాహకం లాంటివీ కలిసి పుడతాయి, ఏ రెండు సెన్సర్లూ ఒకేలా ఉండవు.

ఎంత సున్నితత్వం కావాలి?

ప్రయోగాల్లో తరచూ కనిపించే సూచిక పీఎస్ఏ, ప్రోస్టేట్ గ్రంథికి చెందినది. దీనికి చాలాకాలంగా వాడిన హద్దు మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు, అంటే వంద పికోమోలార్‌కు పైగా. మామూలు ఎలైసా దాన్ని హాయిగా చదువుతుంది. ఫెమ్టోమోలార్ సెన్సర్ అక్కడ చేసే కొత్త మేలేమీ లేదు. ప్రోస్టేట్ తీసేసిన తర్వాత క్యాన్సర్ మళ్లీ తలెత్తుతోందేమో చూడడానికి అతి తక్కువ మోతాదులు పట్టడం పనికొస్తుంది, అది వేరే సంగతి. పీఎస్ఏ పరీక్షకు అసలు సమస్య యంత్రం చూపులో లేదు, ఆ అంకెకు ఉన్న అర్థంలో ఉంది. క్యాన్సర్ కాని వాపుతోనూ పీఎస్ఏ పెరుగుతుంది. ఎన్నటికీ ప్రాణం మీదికి రాని కణితులూ బయటపడి అనవసర చికిత్సలకు దారి తీస్తాయి. అమెరికాలోని ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2012లో మామూలు స్క్రీనింగ్‌కు, అంటే లక్షణాలు లేనివాళ్లకు ముందుగా చేసే పరీక్షకు పీఎస్ఏ వద్దని చెప్పి, 2018లో 55 నుంచి 69 ఏళ్లవాళ్లు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలని మార్చింది. ఈ తర్జనభర్జన ఏ నానో తీగతోనూ తీరేది కాదు.

స్క్రీనింగ్‌లో ఇంకో పాత లెక్క కూడా వెంటాడుతుంది. వెయ్యి మందిలో ఒకరికి ఉన్న జబ్బుకు, 99 శాతం కచ్చితమైన పరీక్ష పెట్టామనుకుందాం. జబ్బున్న ఆ ఒక్కరూ దొరుకుతారు, వారితో పాటు జబ్బు లేని పది మందికి కూడా ఉందని వస్తుంది. ఇంటింటికీ వెళ్లే చవక సెన్సర్ ఆ పది మందిని ఇంకా వేగంగా తయారు చేస్తుంది.

సున్నితత్వం నిజంగా అవసరమైన చోట కూడా పోటీ గట్టిగానే ఉంది. 2010లో వచ్చిన డిజిటల్ ఎలైసా ఒక్కో ప్రోటీన్‌ను సూక్ష్మమైన పూస మీద పట్టి, ఫెమ్టోలీటర్ల గుంతల్లో దించి, వెలిగిన గుంతలను లెక్కపెడుతుంది. ఇందులో ట్రాన్సిస్టర్ సెన్సర్ లేదు, పాత ఎలైసానే, లెక్కింపు మాత్రం కొత్తది. అయినా ఫెమ్టోమోలార్ కంటే కిందికి దిగింది, అదీ సీరంలో.

ఉప్పుతో రాజీ పడినవి

ఇంతకీ నానో స్థాయి ఎలక్ట్రానిక్ సెన్సర్లు ఎక్కడా గెలవలేదా అంటే, బ్రహ్మాండంగా గెలిచిన చోట్లు ఉన్నాయి. ప్రోటీన్ల వేటలో కాకుండా డీఎన్ఏ చదువులో గెలిచాయి. బెర్గ్‌వెల్డ్ ట్రాన్సిస్టర్‌నే పది లక్షలకు పైగా ఒకే చిప్ మీద పేర్చి, అయాన్ టొరెంట్ అనే సంస్థ 2011లో డీఎన్ఏ సీక్వెన్సర్‌గా మార్చింది. డీఎన్ఏ పోగుకు ఒక అక్షరం కలిసినప్పుడల్లా ఒక హైడ్రోజన్ అయాన్ విడుదలవుతుంది, ట్రాన్సిస్టర్ పీహెచ్ మార్పుగా దాన్ని చదువుతుంది. ఆ చిప్‌తో చదివిన తొలి మానవ జన్యుపటం చిప్‌ల పరిశ్రమకు దారి చూపిన గోర్డన్ మూర్‌ది. ఇక్కడ రక్తం లేదు, గుంపు లేదు. ద్రావణంలో ఏముండాలో ఇంజినీర్లే నిర్ణయించారు, ఒకే డీఎన్ఏ ముక్కను లక్షల నకళ్లు తీసి పెట్టారు.

నానోపోర్ కథ ఇంకా చిత్రం. నానోమీటరున్నర కూడా లేని రంధ్రం ఉన్న ఒక ప్రోటీన్‌ను పొరలో గుచ్చి, రెండు వైపులా ఉప్పునీరు పోసి, వోల్టేజీ పెడితే అయాన్లు రంధ్రంలోంచి ప్రవహిస్తాయి. డీఎన్ఏ పోగు ఆ రంధ్రంలోంచి జారేటప్పుడు ఆ ప్రవాహానికి అడ్డం పడుతుంది. అడ్డు ఎంతన్నది లోపల ఏ అక్షరాలు ఉన్నాయన్న దాన్ని బట్టి మారుతుంది. రంధ్రంలోంచి డీఎన్ఏ పోగు వెళ్తుందని 1996లో చూపించారు, 2014 నాటికి అరచేతిలో పట్టే పరికరమైంది, 2015లో ఎబోలా విజృంభించిన గినీలో వైరస్ జన్యువులను అక్కడికక్కడే చదివింది. తీగకు తెర వేసి గుడ్డిదాన్ని చేసిన ఉప్పే ఇక్కడ సిగ్నల్ మోసే కూలీ. నానోపోర్‌లో ఉప్పు తగ్గితేనే ఇబ్బంది.

రక్తం చదివే వైపు కూడా ఇలాంటి సర్దుబాటు మొదలైంది, అది కూడా లక్ష్యాన్ని మార్చుకోవడంతోనే. కొన్ని శక్తిమంతమైన యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గితే పని చేయవు, పెరిగితే కిడ్నీలు, వినికిడి దెబ్బతింటాయి. రక్తంలో అవి ఉండేది మైక్రోమోలార్ స్థాయిలో, అంటే ఫెమ్టోమోలార్ కంటే వంద కోట్ల రెట్లు ఎక్కువ. కాలిఫోర్నియా పరిశోధకులు ఆప్టమర్ కొసకు ఎలక్ట్రాన్లు ఇచ్చి పుచ్చుకునే రంగు అణువును తగిలించి, సన్నని ఎలక్ట్రోడ్ మీద నిలబెట్టి, మెలకువగా తిరుగుతున్న ఎలుకల రక్తనాళంలోనే ఇలాంటి మందుల స్థాయిని సెకన్ల వ్యవధిలో, గంటల తరబడి కొలిచి 2017లో చూపించారు. అక్కడ కూడా పొర కడుతుంది, రీడింగ్ జారుతుంది. అయితే రెండు వేర్వేరు వేగాలతో ఎలక్ట్రోడ్‌ను పరీక్షించి, ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే ఆ జారుడు చాలావరకు రద్దవుతుంది. గంటలను వారాలు చేయడం ఎలాగన్నదే ఇప్పుడు ఆ ల్యాబ్‌లు తలపట్టుకుంటున్న పని.